నాటకం ఎన్నింటికి మొదలవుతుందో అచ్చువేయండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

మీ నగర అనుబంధం లోపలి పేజీలో అడుగున ‘నేటి కార్యక్రమాలు’ అని ఒక చిన్న గడి వస్తుంది. ఫలానా మందిరంలో, ఫలానా సంస్థ ఆధ్వర్యంలో, నాటక ప్రదర్శన, సాయంత్రం 6 గంటలకు. అంతే ఉంటుంది. ఈ ఉత్తరం ఆ ‘6 గంటల’ గురించి. కాస్త పొడవుగానే ఉంటుంది. చోటు చాలకపోతే మ్యూజియం భాగం కత్తిరించండి గానీ నాటకం భాగం ముట్టుకోకండి.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేరి కంట్రోలరుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. బస్సు 6 గంటలకు అని బోర్డు మీద రాశామంటే ఆ వేళకు డ్రైవరు సీట్లో ఉండాలి, చార్టులో సంతకం పడి ఉండాలి, చక్రం కదలాలి. ఆరింటికి డిపో మేనేజరుకు శాలువా కప్పి, ఏడుంబావుకు యూనియన్ నాయకుడి చేత మాట్లాడించి, ఎనిమిదింటికి బస్సు తీస్తామంటే ప్రయాణికులు ఊరుకుంటారా? మా అద్దాలు పగిలేవి. నాటకాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం అందరం ఊరుకుంటున్నాం.

మా అక్కయ్య, బావగారు, వాళ్ల మనవడు ఈమధ్య ప్రొద్దుటూరు నుంచి వచ్చారు. బావగారు హైదరాబాదు రావడమే అరుదు. వస్తే ఆయన కోరేది ఒక్కటే, సురభి నాటకం చూపించమని. సురభి పుట్టింది కడప జిల్లాలోనే కదా, ఆయనకు అది సొంత ఆస్తి. తోలుబొమ్మలు ఆడించుకుని బతికే వనారస కుటుంబాల వాళ్లు 1885లో సురభి అనే ఊళ్లో కీచక వధ నాటకం వేశారు. వనారస గోవిందరావు గారు దానికి మూలపురుషుడు. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టే ఆ రోజుల్లో వీళ్లు తమ ఇంటి ఆడవాళ్లనే రంగస్థలం ఎక్కించారు. ఇప్పుడు వాళ్ల కాలనీ మన శేరిలింగంపల్లిలో ఉంది. బావగారు చిన్నప్పుడు వాళ్లు ప్రొద్దుటూరులో డేరా వేసినప్పుడు నేల టిక్కెట్టు కొనుక్కుని ముందు వరుసలో కూర్చునేవారట. తీగ మీద ఎదురెదురుగా వచ్చి నిప్పురవ్వలు రాల్చే బాణాల గురించి ఆయన ఇప్పటికీ చేతులు ఊపుతూ చెబుతారు. తొమ్మిదేళ్ల మనవడికి అవన్నీ చెప్పి చెప్పి ఊరించి మరీ తీసుకొచ్చారు.

వాళ్లు వచ్చేది శుక్రవారం తెల్లవారుజామున అని తెలియగానే కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. పాత అలవాటు. మొదటి చిక్కు అక్కడే వచ్చింది. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు. పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న రాష్ట్ర పురావస్తు మ్యూజియానికీ శుక్రవారమే సెలవు. పోనీ చౌమహల్లా ప్యాలెస్ చూపిద్దామంటే దానికీ అదే రోజు. ఢిల్లీలో, ఇంకా చాలాచోట్ల సోమవారం మూస్తారు, మన దగ్గర శుక్రవారం. ఇది ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లలోనే చాలామందికి తెలియదు, బయటినుంచి వచ్చేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. శుక్రవారం పూట ఆ గేట్ల ముందు ఆటో దిగి, తాళం చూసి, ఆటోవాడితో మళ్లీ బేరం మొదలుపెట్టే కుటుంబాలను డ్యూటీలో ఉన్న రోజుల్లో చాలా చూశాను. గురువారం పత్రికలో ఒక్క ముక్క వేస్తే ఈ బాధ తప్పుతుంది. ఆ శుక్రవారం మా అక్కయ్య నిద్రపోయింది, మనవడు నా ఫోనులో చార్జింగ్ అంతా అవగొట్టాడు.

శనివారం పొద్దున సాలార్‌జంగ్, మధ్యాహ్నం ఇంటికొచ్చి కాస్త నడుం వాల్చడం, సాయంత్రం నాటకం. ఆదివారం పొద్దున పబ్లిక్ గార్డెన్స్, రాత్రి బస్సుకు వాళ్ల తిరుగు ప్రయాణం. ఇదీ నా చార్టు. మా చైతన్యపురిలో మెట్రో ఎక్కితే ఎంజీబీఎస్, నాంపల్లి, అసెంబ్లీ అన్నీ ఒకే లైనులో వస్తాయి, మధ్యలో రైలు మారే పని లేదు. అక్కయ్య మోకాళ్లకు అది పెద్ద ఉపకారం. సాలార్‌జంగ్‌కు మాత్రం ఎంజీబీఎస్‌లో దిగి ఆటో మాట్లాడుకోవాలి. పాతబస్తీ మెట్రో పూర్తయితే ఆ మ్యూజియం పేరుతోనే స్టేషను వస్తుందంటున్నారు.

పదింటికి తెరిచే వేళకే అక్కడ ఉన్నాం. ఆ మ్యూజియానికి మధ్యాహ్నం వెళ్లేవాళ్లు మంచి ముక్క పోగొట్టుకుంటారు, ఎందుకంటే అక్కడి గడియారం పన్నెండు గంటలూ కొట్టేది పన్నెండింటికే. అప్పటిలోగా కింది గదులు చూసేయాలి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1914లో దివాన్‌గిరీ, అంటే నిజాం ప్రధానమంత్రి పదవి, వదిలేసి, పెళ్లి కూడా చేసుకోకుండా, 1949లో కన్నుమూసే దాకా వస్తువులు పోగుచేస్తూనే ఉన్నారు. “తాతయ్యా, ఇన్ని కొని ఇంట్లో ఎక్కడ పెట్టుకున్నాడు?” అని మనవడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఆయన దివాన్ దేవిడీ ఇల్లే మొదటి మ్యూజియం. 1951 డిసెంబరు 16న నెహ్రూ దాన్ని ప్రారంభించారు. మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనంలోకి 1968లో మారింది.

ముసుగు రెబెక్కా ముందు అక్కయ్య చాలాసేపు నిలబడింది. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కినది. “ఒరేయ్, ఆ గుడ్డ తీయమను, ముఖం సరిగ్గా కనబడటం లేదు” అంది. గుడ్డ కూడా పాలరాయే అక్కా అంటే నమ్మలేదు. కాపలా మనిషి వచ్చి నవ్వుతూ చెబితే గానీ నమ్మలేదు. మనవడికి మాత్రం రెండు ముఖాల కొయ్య బొమ్మ పట్టుకుంది. ముందునుంచి చూస్తే పొగరుగా నిలబడ్డ మెఫిస్టాఫిలిస్ అనే పిశాచం, వెనక అద్దంలో చూస్తే తల దించుకున్న మార్గరెట్ అనే అమ్మాయి. ఇద్దరూ ఫౌస్ట్ అనే జర్మన్ నాటకంలోని పాత్రలు. రెండూ ఒకే దుంగలో చెక్కారు. వాడు బొమ్మకూ అద్దానికీ మధ్య తల తిప్పి తిప్పి మెడ నొప్పి తెచ్చుకున్నాడు.

పన్నెండుకు పావుగంట ముందే గడియారం ముందు జనం సర్దుకుని కూర్చున్నారు. అందులో ఒక కమ్మరి బొమ్మ సుత్తితో సెకన్లు కొడుతూనే ఉంటుంది, దానికి తీరిక లేదు. వేళ దగ్గరపడగానే చిన్న తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ బయటికి వస్తుంది. అందరూ ఫోన్లు ఎత్తారు. నేను నా చేతి గడియారం చూసుకున్నాను. సరిగ్గా పన్నెండుకు మొదటి దెబ్బ పడింది. పన్నెండూ కొట్టి బొమ్మ లోపలికి వెళ్లిపోయింది. దానికి ముందు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, తరవాత ఎవరూ దానికి శాలువా కప్పలేదు. ఈ మాట ఎందుకంటున్నానో సాయంత్రం సంగతి చదివితే తెలుస్తుంది.

మధ్యలో ఒక మాట. మ్యూజియాల వేళలు పత్రికల్లో వేసేటప్పుడు ‘10 నుంచి 5’ అని వేస్తారు. టిక్కెట్లు ఎన్నింటిదాకా ఇస్తారన్నది వేయరు. నగరంలోని ఒక ప్రదర్శనశాలకు గతంలో నాలుగు దాటాక వెళితే కిటికీ అప్పటికే మూసేశారు. లోపల జనం తిరుగుతూనే ఉన్నారు, మాకు మాత్రం దారి లేదు. ఆఖరి బస్సు బయలుదేరే వేళ చెప్పాలి గానీ, అది డిపోకు చేరే వేళ చెబితే ప్రయాణికుడికి ఏం లాభం? సంచులు బయట పెట్టాలా, పిల్లల నీళ్ల సీసా లోపలికి తీసుకెళ్లనిస్తారా అన్నవి కూడా గేటు దగ్గర తెలుసుకునే సంగతులుగానే ఉండిపోయాయి.

ఇక నాటకం. నగరంలోని ఒక సభామందిరంలో ఒక సంస్థ వారు సురభి బృందం చేత మాయాబజార్ వేయిస్తున్నారని, సాయంత్రం 6 గంటలకని, ప్రవేశం ఉచితమని మీ గడిలోనే చదివాను. అయిదున్నరకే వెళ్లి అక్కయ్యకు నడవ పక్క సీటు సంపాదించాను. ఆరింటికి తెర ముందు కుర్చీలు వేశారు. ఆ కుర్చీలు లెక్కపెట్టగానే నాకు పరిస్థితి అర్థమైంది. కుర్చీ ఒక్కంటికి పది నిమిషాలు వేసుకోండి.

ఆరున్నర దాటాక జ్యోతి ప్రజ్వలన. పైన ఫ్యాను తిరుగుతోంది, అగ్గిపుల్లలు ఆరిపోతున్నాయి, ఫ్యాను ఆపమని ఎవరో సైగ చేస్తే హాలులో దీపాలు ఆపారు. తరవాత ప్రార్థన, స్వాగత వచనాలు, సంస్థ నివేదిక. తరవాత ఒక్కొక్కరికీ శాలువా, పూలదండ, జ్ఞాపిక. ప్రతి శాలువాకూ ఫొటో. ఫొటోగ్రాఫరు “ఇటు చూడండి సార్, ఇంకొకటి” అనడం, పక్కన ఉన్నవాళ్లు ఫొటోలో పడేందుకు ఇంకాస్త దగ్గరికి జరగడం. ముఖ్య అతిథి తాను రెండే మాటలు మాట్లాడతానన్నారు. ఆ రెండు మాటలకు నలభై నిమిషాలు పట్టింది, అందులో నాటకం ఊసు ఎక్కడా రాలేదు. ఆ ప్రసంగం జరుగుతున్నంతసేపూ తెర వెనక మేకులు కొట్టే చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒకసారి రంగు పూసుకుని కిరీటం పెట్టుకున్న ఒక చిన్న పిల్ల తెర పక్కనుంచి తొంగిచూసి, వేదిక మీది పెద్దలను కాసేపు పరికించి, నోరంతా తెరిచి ఆవులించి లోపలికి వెళ్లిపోయింది. హాలులో నవ్వులు. ముఖ్య అతిథి అవి తన చమత్కారానికే అనుకున్నారు.

తెర లేచేసరికి ఎనిమిది దాటింది.

లేచాక మాత్రం చెప్పాలి. ఒక పరదా చుట్టుకుంటూ పైకి పోతుంటే దాని వెనక ద్వారక, అది పోతే ఉద్యానవనం, అది పోతే అడవి. దృశ్యం మార్చడానికి దీపాలు ఆపి మనల్ని చీకట్లో కూర్చోబెట్టే పని లేదు. రంగులు వేసిన ఆ పరదాలు, పక్క తెరలు, కప్పీలు, తాళ్లు, వాటిని సరైన క్షణంలో లాగే మనుషులు, అందరూ ఆ కుటుంబాల వాళ్లే. ఈ కళకే సురభి నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ ఇచ్చారు. బావగారు కుర్చీ అంచుకు జరిగి కూర్చుని, ప్రతి పరదాకూ తన తొడ మీద తనే చరుచుకుంటున్నారు. మనవడు “బాణాలెప్పుడు, లడ్డూలెప్పుడు” అని అడుగుతూనే ఉన్నాడు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి వెళతాయని వాడికి ప్రొద్దుటూరులో బయలుదేరినప్పటి నుంచి చెబుతున్నారు మరి.

లడ్డూలు వాడు చూడలేదు. పదిన్నరకు అక్కయ్య మోకాళ్లు మొండికేశాయి. మనవడు అప్పటికే ఒకసారి నిద్రలోకి జారి లేచాడు. మెట్రో ఆఖరి రైలు లెక్క నా బుర్రలో తిరుగుతోంది. ఘటోత్కచుడు ఇంకా రానేలేదు. లేచి వచ్చేశాం. మాతోపాటు ఇంకా చాలా కుటుంబాలు లేచాయి, చంకల్లో పిల్లలతో. మిగిలినవాళ్లకైనా నాటకం పూర్తిగా దక్కిందో లేదో చెప్పలేను. మందిరాలను పూటల లెక్కన అద్దెకిస్తారు కాబట్టి వేళ మించితే కోత పడేది నాటకానికే గానీ ఉపన్యాసానికి కాదు. ఇంటికి వస్తూ బావగారు రైల్లో మిగతా కథంతా నోటితో నడిపించారు. ఘటోత్కచుడి నవ్వు కాస్త గట్టిగానే నవ్వారు, పెట్టెలో జనం తిరిగి చూశారు. బాగానే ఉంది గానీ, దానికోసం ప్రొద్దుటూరు నుంచి రానక్కర్లేదు.

ఇందులో సురభి వారి లోపం ఇసుమంత లేదు, వాళ్లు నాలుగింటికే రంగులు పూసుకుని సిద్ధంగా కూర్చుని ఉంటారు. దాతలకు శాలువా కప్పడం కూడా నేను తప్పుపట్టను. వాళ్లు డబ్బు ఇవ్వకపోతే ఉచిత ప్రవేశం ఎక్కడిది, పరదాలు మోసుకొచ్చే లారీకి కిరాయి ఎక్కడిది? కప్పండి, ఫొటోలూ తీసుకోండి. నేను అడిగేది అది కాదు. ఆ సభ ఎన్నింటికో, నాటకం ఎన్నింటికో వేరువేరుగా చెప్పమంటున్నాను. సభ మీద ఆసక్తి ఉన్నవాళ్లు సభకు వస్తారు, నాటకం కోసం వచ్చేవాళ్లు నాటకం వేళకు వస్తారు. అలా చెబితే సభకు ఎవరూ రారని నిర్వాహకులు భయపడతారు. నిజమే కావచ్చు. అయితే ఆ సంగతి వాళ్లు ఆలోచించుకోవాలి గానీ తొమ్మిదేళ్ల పిల్లవాడి నిద్ర ఖర్చుతో కుర్చీలు నింపుకోవడం న్యాయం కాదు.

ఇందులో పత్రికల వంతు కూడా ఉంది, నొచ్చుకోకండి. మర్నాడు మీ పత్రికతో సహా అన్నిటిలోనూ ఆ కార్యక్రమం వార్త వచ్చింది. ఫొటోలో వేదిక మీది పెద్దలు వరుసగా నిలబడి ఉన్నారు. వార్తలో వాళ్ల పేర్లు, హోదాలు, వాళ్లు అన్న మాటలు. చివరి వాక్యం: “అనంతరం ప్రదర్శించిన నాటకం ప్రేక్షకులను ఆకట్టుకుంది.” విలేకరి ఫొటో తీసుకుని ఏడున్నరకే వెళ్లిపోయి ఉంటారని నా అనుమానం. పరదాల ఫొటో ఒక్కటి వేసి ఉంటే బావగారు ఆ పత్రిక మడిచి ఊరికి తీసుకెళ్లేవారు.

ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు కదా మామయ్యా అని మా కోడలు అంటుంది. చూశాం. ఒకే మ్యూజియానికి ఒకచోట ఒక వేళ, ఇంకోచోట ఇంకో వేళ, ఎప్పుడు రాశారో తేదీ ఉండదు. నాటకాల ఆహ్వానం ఫోనుకు వస్తుంది గానీ, ఆ రంగుల కాగితంలో అతిథుల ఫొటోల మధ్య నాటకం పేరు వెతుక్కోవాలి. నా ఈడువాళ్లం అచ్చులో వచ్చిందే నమ్ముతాం. అందుకే మీకు రాస్తున్నాను.

రవీంద్రభారతిని 1961లో రవీంద్రుడి శతజయంతి సందర్భంగా కట్టి, అప్పటి ఉపరాష్ట్రపతి రాధాకృష్ణన్ గారి చేత ప్రారంభింపజేశారు. అక్కడినుంచి చిక్కడపల్లి త్యాగరాయ గానసభ దాకా ఈ ఊళ్లో నాటకానికి నీడ ఇచ్చే చోట్లు ఉన్నాయి. చాలా ప్రదర్శనలకు టిక్కెట్టే ఉండదు. ఇంత ఉండి, ఎన్నింటికి వెళితే ఏం చూస్తామో చెప్పే దిక్కు లేకపోవడమే నాకు మింగుడు పడటం లేదు. మీరు ఆ గడిలో ఇలా వేయవచ్చు కదా: “సురభి వారి మాయాబజార్. సభ 6.00కు. తెర లేచేది 7.15కు, పడేది 9.45కు. ప్రవేశం ఉచితం, పాసు అక్కర్లేదు. మెట్లెక్కలేనివారికి పక్క గేటు.” నాలుగు పంక్తులు. నిర్వాహకులు తెర లేచే వేళ చెప్పకపోతే ‘నాటకం వేళ తెలపలేదు’ అని వేయండి. రెండుసార్లు అలా వచ్చిందంటే మూడోసారి వాళ్లే చెబుతారు, మా డిపోలో ఆలస్యాల పట్టిక గోడకు అంటించినప్పుడు అదే జరిగింది. గురువారం నాడు మాత్రం అదే గడిలో, రేపు ఏ మ్యూజియానికి సెలవో, టిక్కెట్లు ఎన్నింటిదాకా ఇస్తారో ఒక పంక్తి.

ఆదివారం పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లాం. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ తెచ్చిన ఈజిప్టు మమ్మీని చూసి మనవడు లడ్డూల సంగతి మరిచిపోయాడనుకున్నాం. రాత్రి బస్సెక్కేటప్పుడు గుర్తుచేశాడు. దసరా సెలవుల్లో మళ్లీ వస్తామన్నారు.

ఈ వేళలన్నీ ప్రతిరోజూ ఫోన్లు చేసి కనుక్కునే మనిషి మీ కార్యాలయంలో లేడంటే, ఆ పని నేను ఉచితంగా చేసిపెడతాను. మధ్యాహ్నం రెండు తరవాత ఖాళీగానే ఉంటాను. సాయంత్రం నాలుగింటికల్లా, మీ పేజీ కట్టే వేళకు ముందే, చార్టు పంపిస్తాను. సంతకంతో సహా.

ఇట్లు,
ఆర్టీసీ విశ్రాంత కంట్రోలరు,
చైతన్యపురి, హైదరాబాద్